వెనక్కి జరిపిన సీటు

పోయిన వారం ముసలోడు మళ్ళీ గొంతు విప్పాడు. నల్లటి పొగ కక్కి, దగ్గి, ఇక ఆగిపోతాడు అనుకునేలోగా గుర్రుమంటూ నిలదొక్కుకున్నాడు. ఆ చప్పుడు విని పరుపులమ్మ షెడ్డు గోడకు జారగిలబడి ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న నిచ్చెన నవ్వబోయి, ఎందుకో ఆ నవ్వును సగంలోనే మింగేశాడు.

కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ముసలోడంటే మనిషి కాదు, ఆ ఇంటి పాత పికప్ బండి. పరుపులమ్మ పరుపులు కుట్టేది. భర్త వాటిని ఆ బండిలో వేసుకుని ఇళ్ళకీ లాడ్జీలకీ హాస్టళ్ళకీ చేర్చేవాడు. చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, ఊరి బయట కాలవ రోడ్డు మలుపులో బండి కల్వర్టు గోడను గుద్దింది. భర్త పోయాడు. బండిలో ఒక్కడే ఉన్నాడనీ, నడుపుతూ నిద్రపోయాడనీ, దెబ్బకి పక్క సీటు వైపు ఎగిరిపడ్డాడనీ అందరూ అనుకున్నారు. ఆ ముందు రాత్రి పెద్ద ఆర్డరు ముగించడానికి దూది కూరమని అతన్ని తెల్లవార్లూ మేలుకోబెట్టింది పరుపులమ్మే. ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు. ఒకళ్ళు అనాల్సిన అవసరం లేకుండా ఆమే రోజూ అనుకుంటూ వచ్చింది.

బండిని చూసిన మెకానిక్కులందరూ తూకానికి వేసేయమన్నారు. ఆమె వినలేదు. పెరట్లోకి లాగించి, పాత దుప్పట్లు పరిచి, మరిదిని తోడు పెట్టుకుని తానే మొదలుపెట్టింది. ఆ మరిదే నిచ్చెన. గేట్లూ కిటికీలూ చేసే వెల్డింగ్ పని అతనిది. తలుపు దగ్గరికి వస్తే వంగాల్సినంత పొడుగు కాబట్టి, ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టిన పేరు అది. సెలవు దొరికితే చాలు, వచ్చి వదిన పక్కన చేరేవాడు. ఇద్దరూ కలిసి సొట్టలు తీశారు, రేడియేటర్ మార్చారు, నుజ్జయిన పక్కవైపు తలుపు ఊడబీకి పాత సామాన్ల కొట్టులో దొరికిన నీలం తలుపు బిగించారు. బూడిదరంగు బండికి నీలం తలుపు చొక్కాకి వేరే గుడ్డతో అతుకేసినట్టు ఉంది. ఉన్నా, మూసుకుంటోంది.

ఇంజను లేచింది కాబట్టి ఇక మిగిలింది బ్రేకులు.

ముసలోడి బ్రేకుల సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మొదటిసారి తొక్కితే పెడల్ మెత్తగా, తడిసిన దూదిలోకి దిగినట్టు కిందిదాకా పోయేది. వదిలి రెండోసారి తొక్కితేనే పట్టేది. "ముసలోడికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి" అని భర్త నవ్వేవాడు. పైపుల్లో గాలి చేరిందనీ, చక్రం దగ్గర రబ్బరు వాషర్లు అరిగాయనీ, మధ్యాహ్నం పూట కూర్చుంటే అయిపోయే పనేననీ అతనికి తెలుసు. ఈ ఆర్డరు కానీ, ఆ ఆర్డరు కానీ అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు. అతని కాలికి రెండుసార్లు తొక్కడం ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్నా అలాగే తొక్కేవాడు.

బ్రేకుల పని పెట్టుకున్న ఉదయం, ఆ ఇంట్లోనే ఉండే అత్తయ్య, అంటే నిచ్చెన తల్లి, దారం ఉండలు తేవడానికి బజారుకు వెళ్ళింది. నిచ్చెన వెనక చక్రం విప్పి, కొత్త వాషర్లు వేసి, గాలి తీయడానికి అన్నీ సిద్ధం చేశాడు. గాలి తీయాలంటే ఇద్దరు ఉండాలి. ఒకళ్ళు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటే, రెండోవాళ్ళు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మర వదులు చేస్తారు. అక్కడ తగిలించిన సన్నటి గొట్టంలోంచి ఆయిలూ గాలి బుడగలూ సీసాలోకి వస్తాయి. నిపుల్ బిగించాక పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా అదే పని.

నిచ్చెన సీసా పట్టుకుని బండి కిందికి దూరాడు. పరుపులమ్మ డ్రైవర్ తలుపు తెరిచి ఒక్క క్షణం నిలబడింది. ఇన్ని నెలల్లో ఆ సీట్లో ఆమె కూర్చోలేదు. ఇంజను లేపిన రోజు కూడా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పిందే తప్ప లోపలికి ఎక్కలేదు. ఇప్పుడు తప్పదు. ఎక్కి కూర్చుంది. అతను పట్టుకునే చోట స్టీరింగ్ నున్నగా మెరుస్తోంది. అక్కడ చెయ్యి వెయ్యకుండా కింద పట్టుకుని కాలు చాపింది.

కాలు పెడల్‌కి అందలేదు.

సీటు కింద లీవర్ లాగి ముందుకు ఊగింది. కదల్లేదు. తుప్పు పట్టిందనుకుని సీటు జరిగే పట్టాల మీద ఆయిలు పిచికారీ చేసి, నానేదాకా ఆగి, మళ్ళీ ఊగింది. ఏనుగు వీపు మీద కూర్చుని తోస్తున్నట్టే ఉంది.

ఏమైందని కిందనుంచి నిచ్చెన అడిగాడు. సీటు జరగడం లేదంది. కింద చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, దాన్ని వదిలెయ్యమనీ, వెనక దిండు పెట్టుకుంటే సరిపోతుందనీ, కాదంటే అంచుమీద కూర్చోమనీ అన్నాడు. పరుపులమ్మ వినిపించుకోలేదు. ఈ నెలల్లో ఆ బండి ఆమెకు నేర్పిందేమైనా ఉంటే, బిగుసుకున్నదాన్ని అలా వదిలేసి పక్కనుంచి పోకూడదని. పానా తెచ్చి సీటును నేలకు పట్టి ఉంచిన బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

నిచ్చెన బండి కిందనుంచి బయటికి వచ్చాడు. తాను చూస్తానన్నాడు. నడుము పట్టేస్తుందన్నాడు. పానా ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. సీటును లాగి, దింపి, దుప్పటి మీద తలకిందులుగా పెట్టింది.

ఒక పట్టా లోపలికి వంగిపోయి ఉంది. సీటును గాట్లో పట్టి ఉంచే ఇనుప పన్ను చివరి గాట్లో, అన్నిటికంటే వెనకదాంట్లో దిగి, దాని మీదికి రేకు మడతపడి నొక్కేసింది. పరుపులమ్మ దాన్ని వేలితో తడిమింది. తుప్పుతో బిగుసుకున్నదానికీ దెబ్బతో బిగుసుకున్నదానికీ తేడా ఇప్పుడు ఆమెకు తెలుసు. తుప్పయితే పొడి రాలుతుంది. ఇక్కడ ఏమీ రాలలేదు. మడత దగ్గర రంగు చిట్లి, కింద ఇనుము తెల్లగా ఉంది. బండి గోడకు తగిలినప్పుడు ఈ సీటు ఈ చివరి గాట్లోనే ఉంది. తరవాత ఎవరూ జరపలేదు. జరపాలన్నా జరగదు.

ఆమె అలాగే గొంతుక్కూర్చుని ఉండిపోయింది.

భర్త ఆమెకంటే పొట్టి. తనకి పెట్టాల్సిన పొడుగు కూడా తమ్ముడికే పెట్టేసింది అమ్మ అని అతను అనేవాడు. కొలత తప్పిందిరా అని అత్తయ్య నవ్వేది. సీటును ముందుకంటా లాక్కుని, ఆమె గట్టి దూదితో కుట్టిచ్చిన దిండు వీపు వెనక పెట్టుకుంటే తప్ప అతనికి పెడల్ అందేది కాదు. దూరంనుంచి చూస్తే డ్రైవరే కనిపించేవాడు కాదు. బండి దానంతటది వస్తోందని వీధిలో పిల్లలు గోల చేసేవాళ్ళు. ఆ మనిషి ఈ చివరి గాట్లో కూర్చుని ఎలా నడిపాడు?

ఎలాగోలా నడిపి ఉంటాడని సరిపెట్టుకోవాలని చూసింది. ఆ రోజు ఏదైనా సామాను పట్టడానికి వెనక్కి జరిపి ఉంటాడనుకుంది. సామాను కోసం జరిపినా, నడిపేటప్పుడు ముందుకు లాక్కోక తప్పదు. ఎటు తిప్పినా ఆ ఆలోచన మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. తల ఎత్తింది. ఎదురుగా నీలం తలుపు పక్కన నిచ్చెన నిలబడి ఉన్నాడు. ముందు అతని బూట్లు కనిపించాయి, తరవాత ఆ పొడుగాటి కాళ్ళు.

"ఆ రోజు బండి నడిపింది ఎవరు?"

 అతని చేతిలో నిపుల్ తిప్పే చిన్న పానా ఉంది. దాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్నదాన్నే తుడుస్తూ ఉన్నాడు.

"మీ అన్న కాలు ఇక్కణ్ణుంచి అందదు. నాకే అందలేదు."

"వదినా..."

"నాకు తెలియక అడగట్లేదు. నీ నోటితో చెప్పు."

"నేనే."

 మడతపెట్టిన నిచ్చెనలా బండి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. ఆ తరవాత ఆమె అడగకుండానే అంతా చెప్పాడు.

ఆ రోజు హాస్టలు దగ్గర పరుపులు దింపడానికి అన్నకు సాయంగా వెళ్ళాడు. పని మధ్యాహ్నానికి అవుతుందనుకున్నారు, సాయంత్రమైంది. తిరిగి వస్తూ కాలవ రోడ్డు ఎక్కాక అన్న బండి పక్కకు తీసి ఆపాడు. నిద్ర ముంచుకొస్తోందనీ, ఇలా నడపడం మంచిది కాదనీ, ఇంటిదాకా నువ్వు నడపమనీ అన్నాడు. నిచ్చెన వెనకాడాడు. అంతకుముందు ఏడు అతను ఒక సైకిలాయన్ని గుద్ది, ఆయన కాలు విరిగి, కోర్టు లైసెన్సు లాగేసుకుంది. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకుంటే జైలేనని చెప్పి పంపించింది. ఈ రోడ్డు మీద మనల్ని ఎవరు చూస్తార్రా అని అన్న దిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. నిచ్చెన మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతుంటే సీటును వెనక్కి, ఇంకా వెనక్కి, ఇక జరగనంతదాకా జరిపాడు. నీకు సీటు చాలదు, వెనక గోడ పగలగొట్టించాలని అన్న నవ్వాడు. నవ్వుతూనే ఉన్నారు ఇద్దరూ. మలుపు వచ్చింది.

"బ్రేకు తొక్కాను. కిందిదాకా పోయింది. ముసలోడికి రెండుసార్లు చెప్పాలని నాకు తెలుసు వదినా. ఎన్నిసార్లు నవ్వుకున్నాం దాని మీద. ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కి అలాగే పట్టుకున్నాను. అన్న అరుస్తూనే ఉన్నాడు, మళ్ళీ తొక్కు, మళ్ళీ తొక్కు అని. వదిలితే కదా మళ్ళీ తొక్కేది. కాలు లేవలేదు."

 పరుపులమ్మ అడిగిన మొదటి ప్రశ్న అతను ఎదురుచూసింది కాదు.

"అయితే ఆయన నిద్రపోలేదా?"

"లేదు. మేలుకునే ఉన్నాడు."

ఆమె చెయ్యి తలకిందులుగా ఉన్న సీటు అంచును పట్టుకుంది. ఆ ముందు రాత్రి షెడ్డులో భర్త దూది కూరుతూ కునికిపాట్లు పడుతుంటే, ఇంకొక్కటి, ఇంకొక్కటే అని అతని భుజం తట్టి లేపిన చెయ్యి అది. అతను పోయిననాటి నుంచీ పడుకుంటే ఆ చెయ్యే గుర్తొచ్చేది. కొన్ని రాత్రులు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. నిద్ర వస్తోందని తెలిసి, బండి ఆపి, తాళం ఇచ్చేసి పక్కన కూర్చున్నాడు. ఎంత జాగ్రత్తగల మనిషి. ఆ జాగ్రత్తను కూడా ఇన్నాళ్ళూ నిచ్చెన ఆమెకు తెలియనివ్వలేదు.

"నీకు చెప్పాను కదా" అంది మెల్లిగా. "రేడియేటర్ విప్పిన రోజు. నేనే ఆయన్ని చేజేతులా చంపుకున్నానని నీతో చెప్పి ఏడ్చాను. ఇంకెవరికీ చెప్పలేదు, నీకు చెప్పాను."

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

అతను నేల చూపులు చూస్తూ అన్నాడు. "క్లాంపు అందించమన్నాను."

ఆమె అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. చేతులకున్న గ్రీజు వల్ల కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేక, మొహం అలాగే పెట్టుకుని ఏడ్చింది. నిచ్చెన లేవబోయాడు. దగ్గరికి రావద్దని తల అడ్డంగా తిప్పింది.

మరి ఆ తరవాత సంగతి ఏమిటని అడిగింది. అతను తడబడుతూ చెప్పాడు. అన్న కదలకుండా పడి ఉన్నాడు. అంబులెన్సుకు ఫోను చేశాడు, ఆ తరవాత అమ్మకు చేశాడు. వదినకు చేసే ధైర్యం లేకపోయింది. అంబులెన్సువాళ్ళకు కాలవ రోడ్డు దొరకడం లేదంటే, ఎదురెళ్ళి చూపించడానికి పెద్ద రోడ్డుదాకా పరిగెత్తాడు. ఎంతకీ రాకపోయేసరికి మళ్ళీ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆ లోగా అమ్మ ఆటోలో చేరుకుంది. అన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయిపోయిందిరా, ఇక నువ్వు ఇక్కడ ఉండకు, పొలాలకడ్డంగా పడి వెళ్ళిపో, ఎవరైనా పిలిస్తేనే రా అంది. వెళ్ళిపోయాడు.

కాబట్టి అత్తయ్యకు మొదటినుంచీ తెలుసు.

ఈ మాట పరుపులమ్మకు మిగతా అన్నిటికంటే లోతుగా దిగింది. ఈ నెలల్లో ఆమెను మనిషిగా నిలబెట్టింది అత్తయ్యే. అన్నం సహించని రోజుల్లో పక్కన కూర్చుని ముద్దలు పెట్టింది. నిద్ర పట్టక లేచి కూర్చుంటే తానూ లేచి కూర్చునేది. నీ తప్పేం లేదమ్మా అని వీపు నిమిరేది. ఎన్నిసార్లు అందో ఆ మాట. ఎంత పెద్ద మనసు, కన్నకొడుకును పోగొట్టుకుని కూడా నన్ను ఓదారుస్తోంది అని పరుపులమ్మ లోలోపల దణ్ణం పెట్టుకునేది. అది ఓదార్పు కాదని ఇప్పుడు తెలిసింది. అత్తయ్య తనకు తెలిసిన నిజమే చెప్పింది. నిజమని మాత్రం చెప్పలేదు.

లేచింది. మూలనున్న సుత్తి తీసుకుంది. వంగిన పట్టాను నాలుగు దెబ్బలు వేస్తే సరవుతుంది, సీటు ముందుకు జరుగుతుంది. సుత్తి ఎత్తాక నిచ్చెన మాట వినబడింది.

"అది సరిచేస్తే ఇక ఎవరికీ తెలియదు వదినా. నీకు తెలియాలని చెబుతున్నాను. ఆ పట్టా ఒక్కటే సాక్ష్యం."

ఆమె ఆగింది.

"నేను స్టేషనుకు వెళ్తాను" అన్నాడు. "ఇప్పుడే వెళ్ళమన్నా వెళ్తాను."

ఆమె సుత్తి దించింది. అతని వంక చూడకుండానే, ముందు బ్రేకుల సంగతి చూడమంది. చక్రం విప్పి ఉంది, ఆయిలు గొట్టం సీసాలో వేలాడుతోంది, పని సగంలో ఆగి ఉంది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే ఏమైపోతుందో ఆమెకే తెలియదు. సీటును అలాగే, ఆ వంకరపట్టాతోనే మోసుకెళ్ళి బిగించింది. షెడ్డులోంచి గట్టి పరుపు ముక్క తెచ్చి వీపు వెనక దోపుకుంది. ఇప్పుడు కాలు అందింది.

నిచ్చెన మళ్ళీ బండి కిందికి దూరాడు.

"తొక్కు" అన్నాడు. తొక్కింది. "పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. కింద ఆయిలు బుసబుసమంది. "వదులు" అన్నాడు. వదిలింది.

అక్కడ ఆగిపోయాడు. ఆమె ఎదురుచూసింది. కిందనుంచి మాట రాలేదు. కాసేపటికి చక్రం మీద పానాతో టక్కుమని కొట్టిన చప్పుడు వినిపించింది. ఆమెకు మొదట అర్థం కాలేదు. ఇంకోసారి టక్కుమన్నాక అర్థమైంది. మళ్ళీ తొక్కు అనాలి. ఆ మాట అతని నోట రావడం లేదు.

ఆమె తొక్కింది.

మిగతా పనంతా అలాగే సాగింది. చప్పుడైతే తొక్కింది, వదులంటే వదిలింది. మధ్యలో ఒకసారి కిందనుంచి ఉబికివచ్చిన ఏడుపు వినబడింది. అది ఆగేదాకా ఆమె పెడల్ మీద కాలు అలాగే నొక్కిపెట్టి ఉంది, అతను నిపుల్ బిగించాడో లేదో తెలియదు కనుక. ఒక చక్రం అయ్యాక ఇంకో చక్రం. సీసాలో ఆయిలు ముందు మడ్డిగా, బుడగలు బుడగలుగా వచ్చి, మెల్లిగా తేటబడింది. పెడల్ కింద మెత్తదనం తగ్గుతూ వచ్చింది. ఆఖరి చక్రం దగ్గర ఒక్కసారి తొక్కగానే సగంలోనే గట్టిగా నిలబడింది. రెండోసారి తొక్కాల్సిన పనే లేకపోయింది.

ఆమె దాన్ని తొక్కుతూ కూర్చుంది. ఒక్కసారి తొక్కితే పడుతోంది. భర్త చెప్పింది నిజమే, మధ్యాహ్నం పూట పని. మధ్యాహ్నం కూడా పట్టలేదు.

అప్పుడు గేటు తెరుచుకుంది. అత్తయ్య దారం ఉండల సంచితో లోపలికి వచ్చింది. పెరట్లో ఇద్దరి మొహాలూ చూసింది. కోడలు ఎక్కడ కూర్చుని ఉందో చూసింది. సంచి కింద పెట్టింది.

"చెప్పేశావా?" అని కొడుకుని అడిగింది.

"ఆయన్నేమీ అనకండి. నేనే కనుక్కున్నాను" అంది పరుపులమ్మ. ఇంతకాలం నువ్వని పిలిచిన మరిదిని ఆమె 'ఆయన' అనడం ముగ్గురికీ వినబడింది. బండి దిగింది. తలుపు పట్టుకుని నిలబడింది. "ఒక కొడుకు పోతే ఇంకో కొడుకును కాపాడుకున్నారు. తల్లి కదా, మిమ్మల్ని నేనేమీ అనలేను. మరి నన్నేం చేశారు అత్తయ్యా? నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని రోజూ కుమిలిపోతుంటే పక్కన కూర్చుని చూశారు."

అత్తయ్య దూది మూట మీద కూర్చుంది. ఎండలో నడిచి వచ్చిన అలసట మొహంలో ఉంది. ఆమె సమర్థించుకోలేదు. తాను చేసింది క్షమించమని అడిగేంత చిన్నది కాదంది. అలా అని అంతా తాను చేసిందే అనుకోవద్దంది.

"వీణ్ణి పంపించెయ్యమన్నది నేను కాదమ్మా. మీ ఆయన."

 నిచ్చెన ముందు అర్థం కానట్టు చూశాడు. తరవాత అర్థమై, ఒక అడుగు ముందుకు వేశాడు.

"అయిపోయిందన్నావు కదమ్మా. అన్న పోయాడన్నావు."

"అలా చెబితేగానీ నువ్వు కదిలేవాడివి కాదు. అలా చెప్పమన్నది కూడా వాడే. నువ్వు వచ్చే చప్పుడు వినబడగానే కళ్ళు మూసుకున్నాడు."

నిచ్చెన చేతిలోంచి పానా జారి నేల మీద పడింది. బతికున్న అన్నను ఒళ్ళో వదిలేసి పొలాల్లో పడి పరిగెత్తాడు. అది ఇప్పుడే, ఈ పెరట్లో నిలబడి తెలుసుకున్నాడు. పరుపులమ్మ అతని మొహం చూసింది. ఇంతసేపూ లోపల రగులుతున్న కోపానికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఎవరి మీద చూపించాలో అసలే తెలియలేదు. పోయిన మనిషి మీద కూడా కోపం రావచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఎంతసేపు ఉన్నాడు?" అని అడిగింది.

"అంబులెన్సు వచ్చేదాకా."

"మాట్లాడాడా?"

"మాట్లాడాడు. నీకు చెప్పమని ఒక మాట చెప్పాడు." అత్తయ్య దారం సంచి దగ్గరికి లాక్కుంది. "రోజూ చెబుదామనే అనుకున్నాను. నీ మొహం చూస్తే నోరు రాలేదు."

"చెప్పండి."

అత్తయ్య చిన్నకొడుకు వైపు చూసి, మళ్ళీ కోడలి వైపు చూసింది. వాడి చెవిన పడకూడదని పెద్దవాడు ఒట్టు వేయించుకున్నాడంది. పరుపులమ్మ తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి, తల తిప్పకుండానే అంది.

"కాసేపు గేటు బయటికి వెళ్ళు నిచ్చెనా."

అతను కదల్లేదు.

"ఒకసారి వెళ్ళమంటే వెళ్ళాను వదినా" అన్నాడు. "ఈసారి వెళ్ళను."